పల్లె బాగానే ఉంది, పల్లెటూరోళ్లే అడ్డం

వికారాబాద్ జిల్లాలో ఒక గ్రామ పంచాయతీకి ఈమధ్య ఒక వినతిపత్రం అందింది. ఊరి పేరు చెప్పను. చెప్తే వచ్చే ఆదివారానికల్లా అక్కడ గుంట ధర ఇంకో యాభై వేలు పెరుగుతుంది. కాగితం చక్కని ఇంగ్లీషులో ఉంది. సారాంశం ఇదీ: గ్రామంలోని కోడిపుంజులు తెల్లవారుజామున నాలుగున్నర నుంచే కూయుచున్నవి. ప్రశాంతత కోసం నగరం విడిచి వచ్చిన కుటుంబాలకు దీనివలన నిద్రాభంగం కలుగుచున్నది. కావున యజమానులు తమ తమ పుంజులను ఉదయం ఏడు గంటల వరకు చీకటి గదులలో ఉంచునట్లు తగు ఉత్తర్వులు జారీ చేయవలెనని ప్రార్థన.

దీన్ని నవ్వులాటగా తీసుకోవద్దని మనవి. కోడి ఇన్ని తరాలుగా ఎవరి అనుమతీ లేకుండా కూస్తూ వచ్చింది. అడిగే నాథుడు లేకపోయాడు. ఇప్పుడొచ్చాడు.

మొదటి సంతకం ఎవరిదో నాకు తెలుసు. పేరెందుకు, ప్రకృతి ప్రేమికుడు అనుకుందాం. ఆఫీసు కాగితాల పద్ధతిలో ప్ర.ప్రే. గారు. మొన్నటిదాకా కొండాపూర్‌లో పద్నాలుగో అంతస్తు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని వెనకటి మాట. ప్ర.ప్రే. గారు ఉన్నన్నాళ్లూ ట్యాంకర్ నీళ్లే తాగారు కాబట్టి ఆ మాట ఆయనకు వర్తించలేదు.

కరోనా కాలంలో కంపెనీ వాళ్లు ఇంటి నుంచే పని చేయమన్నారు. ఆ ఇల్లేదో గుట్టల పక్కన ఉంటే పోలా అని ఈయనకు తోచింది. హైదరాబాద్‌కు దగ్గరే, ఓ డెబ్బై ఎనభై కిలోమీటర్లు. అనంతగిరి గుట్టలు, మూసీ పుట్టిన చోటు, వానాకాలం పొగమంచు, అప్పుడప్పుడూ నెమళ్లు. వెంచర్ వాళ్ల దగ్గర ఐదు గుంటలు కొన్నారు. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు, అంటే మొత్తం 605 గజాలు. దాన్ని ఆయన ‘మా పొలం’ అంటారు. పొలంలో ఒక డ్యూప్లెక్సు, ఒక ఈతకొలను, గోడ వెంబడి డ్రాగన్ ఫ్రూట్ స్తంభాలు, ఒక గిర్ ఆవు. ఆవుకు ఫ్యానుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా ఉంది.

చూడవచ్చిన చుట్టాలతో ఆయన మొదట అనే మాట “ఇక్కడి గాలి చూశారా?” అని. చూశాం సార్. ఆ గాలి మంచిదని నిజాం కాలంలోనే తెలుసు. అనంతగిరి మీద క్షయ రోగులకు శానిటోరియం కట్టింది అందుకే. అప్పట్లో ఊపిరి అందనివాళ్లను అక్కడికి పంపేవారు. ఇప్పుడు ఈఎంఐ అందుకోగలిగినవాళ్లు వస్తున్నారు.

సరే, కోళ్ల సంగతి. పంచాయతీ ఆఫీసులో సమావేశం పెట్టారు. వెంచర్ కుటుంబాల తరఫున ప్ర.ప్రే. గారు ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ తెచ్చారు. గోడకు ఒకవైపు ఉపాధి హామీ బోర్డు, ఇంకోవైపు గాంధీ ఫొటో. మధ్యలో మిగిలిన జాగాలో మొదటి స్లైడు పడింది. ‘ప్రశాంత గ్రామం: మన విజన్’. గాంధీగారి మొహం మీద సగం గ్రాఫు పడుతోంది. వార్డు మెంబరు ఒకాయన లేచి కిటికీ మూయబోయాడు. ఆ కిటికీకి తలుపే లేదు.

రెండో స్లైడులో డెసిబెల్స్. ఫోన్‌లో యాప్ పెట్టి, ఊళ్లో ఉన్న పుంజులన్నిటినీ విడివిడిగా కొలిచారట. శివాలయం పక్క సందులో ఒక నల్ల పుంజు అన్నిటికన్నా అపరాధి అని తేలింది. దాని ఫొటో కూడా వేశారు. “అది మాదే” అని వెనక వరుసలో ఒక అవ్వ గర్వంగా చెయ్యెత్తింది.

“అమ్మా, దాన్ని ఏడింటిదాకా గదిలో పెట్టగలరా?”

“వెడత గని బిడ్డా, తెల్లారిందని దానికెవరు చెప్పాలె?”

దీనికి స్లైడు లేదు. ప్ర.ప్రే. గారు ఓపికగా, తెల్లవారడమన్నది ఒక భావన మాత్రమేననీ, పట్టణాల్లో దాన్ని ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చేసుకుంటారనీ వివరించారు. గొర్లకాపరి తాత మధ్యలో అందుకున్నాడు. “మీ కుక్క రాత్రంత మొరుగుతది గద సారూ, మల్ల దాన్నేం జేద్దాం?” అది సెక్యూరిటీ అట. కుక్క మొరగడం సేవ, కోడి కూయడం నేరం. ఈ సూక్ష్మం ఊరివాళ్లకు ఒక పట్టాన ఎక్కలేదు.

“గట్లయితే బోనాలకు డీజే వెట్టుకోవద్దా?” అని ఒక కుర్రాడు లేచాడు. అయ్యో, భలేవారే, పెట్టుకోవాలి. అది కల్చర్. అతిథులు వీడియో తీసుకుంటారు. కాకపోతే బోనాలు శనివారం సాయంత్రానికి మార్చుకుంటే మరింత బాగుంటుందని ఆయన సూచన. ఆదివారం పొద్దున్నే అందరూ తిరుగు ప్రయాణంలో ఉంటారు కదా. అమ్మవారి వీలు సంగతి ఎవరూ అడగలేదు. ఆవిడకు ఈమెయిల్ లేదు.

మూడో స్లైడు నుంచి అసలు విషయం మొదలైంది. ఊళ్లో పల్లెతనం తగ్గిపోతోందని ఆయన బాధ. రైతులు విత్తనాల కంపెనీ టీషర్టులు తొడుక్కుంటున్నారు. పంచె, తలపాగా ఉంటే ఫొటోలు బాగా వస్తాయి. ఇళ్ల మీద పెంకులు తీసేసి రేకులు వేస్తున్నారు. ట్రాక్టర్ల మోత భరించలేకపోతున్నాం, వారాంతాల్లోనైనా ఎడ్లతో దున్నితే ఎలా ఉంటుంది? “ఎడ్లున్నవాళ్లు చేతులెత్తండి.” ఒక్క చెయ్యీ లేవలేదు. ఎడ్లు ఎప్పుడో అంగడికి పోయాయి. ట్రాక్టర్లు వాకిట్లో ఉన్నాయి, వాటి మీద ఫైనాన్స్ ఉంది. పత్తికి మందు కొట్టే వాసన గురించి నాలుగో స్లైడు రావలసి ఉండగా కరెంటు పోయింది. ఆ చీకట్లో ఎవరిదో ఫోన్ వెలిగింది. డిగ్రీ చదివే పిల్లాడొకడు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఫ్రాన్స్ దేశంలో ఓలెరాన్ అనే ద్వీపంలో మోరిస్ అనే కోడిపుంజు ఉండేదట. సెలవులకు వచ్చిపోయే పొరుగువాళ్లు దాని కూత మీద కేసు వేశారట. 2019లో కోర్టు పుంజు పక్షానే తీర్పిచ్చిందట. 2021లో పల్లె చప్పుళ్లకు, వాసనలకు రక్షణగా ఏకంగా చట్టమే తెచ్చారట. ప్ర.ప్రే. గారు ఎప్పుడు ఏది మాట్లాడినా ‘ఫారిన్‌లో అయితే’ అని మొదలుపెట్టే మనిషి. ఆ రోజు మాత్రం మన దేశ పరిస్థితులు వేరని సెలవిచ్చారు.

తీర్మానం: కోళ్ల విషయం పరిశీలనలో ఉంచడమైనది.

ఆయనలో మంచి లేదని నేననను. దామగుండం అడవిలో నౌకాదళ రేడియో కేంద్రానికి 2,900 ఎకరాలు ఇచ్చినప్పుడు చెట్ల కోసం అట్ట ముక్క పట్టుకొని నిలబడ్డారు. నిలబడాల్సిందే. తిరిగొచ్చి, ఈతకొలనుకు అడ్డమొచ్చిన చింతచెట్టును జేసీబీతో పీకించారు. అడవి దేశానిది, చింతచెట్టు సొంతానిది. ఆ కొలను నింపేది వ్యవసాయ కనెక్షన్ మీద నడిచే బోరు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఉచితం. ఆయన దృష్టిలో ఈత కూడా సాగే. పక్క పొలంలో బోరు ఎండి, వరి కోతకు రాకముందే పశువులను వదిలిన రైతు కొత్త బోరు కోసం వడ్డీకి తెస్తున్నాడు. కొలనులో నీళ్లు మాత్రం నీలంగా, నిండుగా ఉన్నాయి.

రైతుబంధు కూడా పడింది. సీజనుకు ఎకరాకు 5,000 ఇచ్చే రోజుల్లో ఐదు గుంటలకు 625 రూపాయలు. మెసేజ్ వచ్చిన నాడు స్క్రీన్‌షాట్ పెట్టి ‘రైతుగా గర్విస్తున్నా’ అని రాశారు. 625 రూపాయల గర్వాన్ని నేను లాక్కోను. ఆయన వెనక గేటులో పదెకరాలాయన ఉన్నాడు. ఆయన ఊరికి వచ్చేది ఏడాదికి రెండు పండగలకు. ఆయన ఖాతాలో సీజనుకు 50,000 పడ్డాయి. ఆ పదెకరాల్లో ఎనిమిదెకరాలు కౌలుకు తీసుకొని, పత్తి పెట్టి, వాన కోసం మొగులు చూసి, గులాబీ పురుగుకు మందు కొట్టి, అప్పు నెత్తిన పెట్టుకున్నవాడికి ఒక్క రూపాయి పడలేదు. పాస్‌బుక్ ఉన్నవాడే రైతని సర్కారు రాసుకుంది. నాగలి పట్టినవాడు ఎవరో దానికి అక్కర్లేదు.

ఇదంతా కూడా నవ్వుకొని ఊరుకోవచ్చు. బండ్ల బాట సంగతి మాత్రం నావల్ల కాదు.

ఆ వెంచర్ వెనక నుంచి గుట్ట కిందికి ఒక బండ్ల బాట ఉంది. ఉండేది. ఊరి నక్షలో ఉంది, అందరి కాళ్లకూ తెలుసు. ఆ బాట మీదుగానే ఎగువ పొలాలకు ఎరువు బస్తాలు పోవాలి, గొర్లు కుంటకు దిగాలి, తండా పిల్లలు బడికి రావాలి. బొందలగడ్డకు దారీ అదే. ఇప్పుడు దాని మీద నల్లటి ఇనుప గేటు, గేటు మీద ‘ప్రైవేటు ఆస్తి’ బోర్డు, పక్కన సీసీ కెమెరా. ఎగువ పొలం రైతు చుట్టూ తిరిగి మూడు కిలోమీటర్లు పోతున్నాడు. గొర్లు మాత్రం చుట్టూ తిరగవు, కంచె సందులోంచి దూరతాయి. దూరినందుకు తాతకు జరిమానా వేశారు.

మొన్న వానల్లో ఊళ్లో ఒక ముసలాయన పోయాడు. పాడె ఆ గేటు దగ్గరికి వచ్చింది. తాళం. వాచ్‌మన్ సార్‌కు ఫోన్ చేశాడు. సార్ కాల్‌లో ఉన్నారు. డప్పులు ఆపమన్నారు, కాల్‌లో వినపడుతోందని. దింపుడు కల్లం దగ్గర దించాల్సిన పాడెను ఆ గేటు ముందు, బురదలో దించారు. ఆయన కొడుకు నిప్పు కుండ పట్టుకొని, తడవకుండా తువ్వాల అడ్డం పెట్టుకొని నిలబడ్డాడు. పోయినాయన ఆ బాట మీద బండి తోలినవాడు. ఆ వెంచర్ భూమిలో కొంత ఒకప్పుడు ఆయనదే, బిడ్డ పెళ్లికి అమ్ముకున్నాడు. అతని శవం ఒక వీడియో కాల్ అయిపోయేదాకా కాచుకుంది.

ఎవడి అబ్బ సొత్తని వేశారా గేటు? ఏ రిజిస్ట్రేషన్ కాగితంలో ఉంది ఆ బాట? ఫిర్యాదు రాసి మండలాఫీసులో ఇస్తే సర్వేయర్ రావాలన్నారు. సర్వేయర్ ఇంకా రాలేదు. లేఅవుట్ గీసినప్పుడు మాత్రం వారంలో వచ్చాడు, గొలుసు పట్టుకొని, భోజనం కూడా అక్కడే చేసి పోయాడు. పొద్దున్నే ధ్యానం చేసి, మట్టితో మనిషికున్న బంధం గురించి చుట్టాలకు చెప్పే మనుషులు ఒక శవానికి దారి ఇవ్వలేకపోయారు. నగరంలో అంబులెన్సుకు పక్కకు జరగనివాడే ఇక్కడికొచ్చి పాడెకు తాళం వేశాడు. సిగ్గుండాలి.

తాజా కబురేమంటే, ప్ర.ప్రే. గారు ఊరు మారే ఆలోచనలో ఉన్నారు. ఇక్కడ రద్దీ పెరిగిపోయిందట. వెంచర్ రెండో ఫేజు పడింది, ఆదివారం కోట్‌పల్లి రిజర్వాయర్ దగ్గర పడవ ఎక్కాలంటే లైను, సిటీ వాళ్లంతా వచ్చి పల్లెను పాడు చేస్తున్నారని ఆయన వేదన. ఈసారి లంబసింగి చూస్తున్నారు. చలి, మంచు, కాఫీ తోటలు, కోళ్లు తక్కువ. బ్రోకర్‌కు ఫోన్ చేస్తే, అది ఏజెన్సీ ఏరియా సార్, 1/70 చట్టం ఉంది, గిరిజనులు తప్ప వేరేవాళ్లు భూమి కొనడానికి లేదన్నాడు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ అది. ఆదివాసీల భూమి చేజారిపోకుండా నిలబెట్టిన కంచె. ప్ర.ప్రే. గారు కాసేపు ఆలోచించారు. “కొనడం కాదయ్యా, ఎవరి పేరు మీదైనా తీసుకుంటే?”

ఆ సాయంత్రమే వాచ్‌మన్‌ను పిలిచారు. తండా మనిషి. ఎన్నడూ లేనిది కుర్చీ వేయించి, టీ ఇప్పించి, మీవాళ్లందరికీ ఎస్టీ సర్టిఫికెట్లు ఉంటాయి కదా అని నెమ్మదిగా అడిగారట.

“ఉంటయి సార్. ముందుగాల రెండు నెల్ల జీతం ఇయ్యిండ్రి, గా ముచ్చట తర్వాత మాట్లాడుదాం” అన్నాడట వాడు, టీ తాగుతూ.