అప్పును సాయం అనకండి
వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వర్ధమాన దేశాలకు 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని బాకు వాతావరణ సదస్సులో (2024) సంపన్న దేశాలు ఇచ్చిన హామీని ఈమధ్య చదివిన ఒక వ్యాసం పెద్ద విజయంగా చూపింది. నేను ఒప్పుకోను. 2009లో కోపెన్‌హేగెన్‌లో ఇలాగే మాట ఇచ్చిన ఏటా 10 వేల కోట్ల డాలర్లు 2020కే అందాలి. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారమే అది 2022లో గాని నెరవేరలేదు. అందులోనూ ప్రభుత్వాల సొమ్ములో ఎక్కువ భాగం అప్పే! తిరిగి కట్టవలసిన డబ్బు సాయం ఎలా అవుతుంది?

మా భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని 2023 జూలైలో వాగు ముంచెత్తింది. మరుసటి ఏడాది ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేల చెట్లు పెనుగాలికి నేలకూలాయి. ఆ అడవిని మళ్లీ పెంచడానికి, కాకతీయుల నాటి చెరువుల్లో పూడిక తీయడానికి కావలసింది తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటు. అదీ నేరుగా గ్రామసభకు, ఖర్చు లెక్కలు ఊరందరి ముందు చదవాలనే షరతుతో రావాలి.