పిల్లల పళ్ళు చూసే బల్ల దగ్గర తల్లికీ ఒక కుర్చీ

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాలలో భోగిపళ్ళ వేడుక ముగిశాక వేదిక మీద జరిగిన సంగతి గురించి చాలామంది ఇంకా చాటుమాటుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు కనుక, నాలుగు మాటలు బాహాటంగా రాయడమే మేలనిపించింది. పట్టులంగా కట్టుకుని పద్యం చెప్పడానికి వచ్చిన నాలుగేళ్ళ పాప నోరు తెరవగానే దవడ పళ్ళకు వేసిన స్టీలు తొడుగులు తళుక్కుమన్నాయి. కార్యక్రమం నడిపిస్తున్న పెద్దమనిషి మైకులోనే “అమ్మ చాక్లెట్లు తెగ తినిపిస్తోందన్నమాట!” అన్నారు. హాలంతా నవ్వింది. పద్యం సగంలో ఆగిపోయింది. ఆ తల్లి పాపను చంకనెత్తుకుని, తాంబూలమైనా అందుకోకుండా వెళ్ళిపోయింది. ఆ పెద్దమనిషి చెడ్డవారు కారు, మనందరికీ కావలసినవారే. అయినా ఆ ఇంటికి ఒక్క ఫోన్ చేసి మాట్లాడితే బాగుంటుంది.

నన్ను బాధించింది ఆ ఒక్క మాటే కాదు. అదే రోజు వరండాలో మన సంఘం వారే పిల్లలకు ఉచిత దంత పరీక్షలు ఏర్పాటు చేశారు. అక్కడ కూర్చున్న వైద్యులు ఓపిగ్గా చూశారు, మంచి సలహాలే ఇచ్చారు. అయితే “రాత్రి పాలసీసా ఇస్తున్నారా, తీపి ఎంత పెడుతున్నారు” అన్న ప్రశ్నలన్నీ తల్లులకే వెళ్ళాయి. పక్కనే నిలబడ్డ తండ్రులు ఫోన్లు చూసుకుంటున్నారు. ఇన్ని ప్రశ్నలు వేయించుకున్న ఆ తల్లులలో ఒక్కరినైనా “మీ పళ్ళు ఎలా ఉన్నాయమ్మా” అని అడిగినవారు నాకు కనబడలేదు.

అడగవలసిన కారణం ఉంది. పన్ను పుచ్చడానికి మూలమైన సూక్ష్మజీవులు, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్, బిడ్డకు పుట్టుకతో రావు. పళ్ళు మొలిచే వయసులో దగ్గర మసలే పెద్దల లాలాజలం నుంచి, ఎక్కువగా తల్లి నుంచి, చేరతాయి. తల్లి నోట్లో పిప్పిపళ్ళు అలాగే ఉంటే బిడ్డకు ఆ బెడద ఎక్కువ. ఫిన్లాండ్‌లోని ఇలివియెస్కా పట్టణంలో ఈ సూక్ష్మజీవులు అధికంగా ఉన్న తల్లుల చేత, బిడ్డకు రెండేళ్ళు వచ్చేదాకా పంచదారకు బదులుగా వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన చూయింగ్ గమ్ నమిలించారు. బిడ్డలకు ఏమీ ఇవ్వలేదు. ఐదేళ్ళ వయసుకు ఆ పిల్లల్లో పుచ్చు, తల్లులకు ఫ్లోరైడ్ పూత వేసిన పిల్లలతో పోలిస్తే, సుమారు 70 శాతం తక్కువగా కనబడింది. తరువాతి పరిశోధనలన్నీ అంత గట్టిగా పలకలేదు కానీ, తల్లి పళ్ళ పుచ్చుకూ బిడ్డ పళ్ళ పుచ్చుకూ సంబంధం ఉందన్న సంగతి మాత్రం తేలింది.

ఇది చదివి రేపటి నుంచి గోరుముద్దలు మానేయమంటారా అని అడగకండి. ఎంగిలి పట్టింపు ఇంత ఉన్న మనం తల్లీబిడ్డల మధ్య మాత్రం దాన్ని ఏనాడూ పాటించలేదు. వేలితో వేడి చూసి, కాస్త తాను నోట్లో వేసుకుని, మిగతాది బిడ్డకు పెట్టిన చేతులు మనవి. ఆ అలవాటును తిట్టే మనసు నాకు లేదు. జపాన్ నోటి ఆరోగ్య సంఘం కూడా 2023లో, చెంచాలు వేరు చేసినంత మాత్రాన పుచ్చు ఆగుతుందనడానికి తగిన ఆధారం లేదనీ, తీపి తగ్గించి రోజూ పళ్ళు తోమడమే ముఖ్యమనీ చెప్పింది. ముద్ద పెట్టే ఆ తల్లి పన్ను నెలల తరబడి సలుపుతున్నా ఇంట్లో ఎవరికీ పట్టకపోవడమే నాకు తప్పుగా తోస్తుంది.

మా అన్న కూతురి సంగతి చెబుతాను. ఆ అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. ఇక్కడ ఉద్యోగం చేసే భర్త వెంట, భార్యాబిడ్డలకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చింది. కడుపుతో ఉండగా చిగుళ్ళ నుంచి రక్తం కారేది, కుడి దవడ పన్ను రాత్రిళ్ళు నిద్ర పట్టనిచ్చేది కాదు, దానికి తోడు వేవిళ్ళ పులుపు. దంతవైద్యుని కార్యాలయానికి ఫోన్ చేస్తే కాన్పు అయ్యాక రమ్మన్నారు. గర్భిణికి పంటి వైద్యం, మత్తు సూది, అవసరమైతే ఎక్స్‌రే కూడా సురక్షితమేనని అమెరికా ప్రసూతి వైద్య నిపుణుల సంఘం 2013లోనే స్పష్టం చేసింది. ఆ మాట ఆ కార్యాలయానికి అందలేదు, మా వదినకు ఎలాగూ అందదు. “కడుపుతోని ఉన్నప్పుడు పన్ను ముట్టుకోవద్దు బిడ్డా” అని వదిన ఫోనులో చెప్పింది. పంటి కింద లవంగం పెట్టుకుని అమ్మాయి నెలలు నెట్టుకొచ్చింది. కాన్పు తరువాత బీమా కాగితాలు తీస్తే, ఏడాదికి ఇచ్చే 1,000 డాలర్లలో రూట్ కెనాల్, తొడుగు రెండూ ఇమిడేలా లేవు. 2010 ఆరోగ్య చట్టం పిల్లల పంటి వైద్యాన్ని తప్పనిసరి ప్రయోజనాల్లో చేర్చింది కానీ పెద్దవాళ్ళ పళ్ళను చేర్చలేదు. ఇంట్లో ఖర్చు తగ్గించుకోవలసి వస్తే ముందుగా ఎవరి పన్ను వాయిదా పడుతుందో మనకు తెలియనిది కాదు.

బిడ్డ పుట్టాక వదిన ఆరు నెలల వీసా మీద వచ్చింది. మనవడు రాత్రి లేచినప్పుడల్లా సీసాలో పాలు, తియ్యగా లేకపోతే తాగడేమోనని ఒక చెంచా పంచదార. నిద్రలో లాలాజలం ఊరడం తగ్గిపోతుంది కనుక ఆ తీపి తెల్లవార్లూ పళ్ళనే అంటిపెట్టుకుని ఉంటుంది. కింది ముందుపళ్ళను నాలుక కొంత కాపాడుతుంది. పైవాటికి ఆ రక్షణ లేదు. వాడికి ఏడాదిన్నర దాటాక ఒకరోజు పై పెదవి ఎత్తి చూస్తే, చిగురు అంచున సుద్దతో గీసినట్టు సన్నని తెల్లగీత కనబడింది. పాల మరక అనుకున్నారు. పుచ్చు మొదలయ్యే ఆనవాలు అదే. ఫ్లోరైడ్ పూతతో ఆ దశలో వెనక్కి మళ్ళించవచ్చు. ఆ గీత కొన్నాళ్ళకు గోధుమరంగుకు తిరిగింది. మూడో ఏట ఆసుపత్రిలో పూర్తి మత్తు ఇచ్చి ముందుపళ్ళు తీసేసి, దవడ పళ్ళకు తొడుగులు వేశారు. రాత్రి నుంచి కడుపు మాడ్చుకున్న పసివాడు, ఆసుపత్రి గౌనులో, పాలు పాలు అని ఏడుస్తుంటే వదిన ముఖం చూడలేకపోయాను. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడేవే అనేవారికి ఒక్కమాట: దవడ పాలపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండవలసినవి.

వదినను తప్పుపట్టే ముందు ఇంకొకటి చెప్పాలి. ఆమె పుట్టింది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఒకరోజు స్నానాల గదిలో టూత్‌పేస్ట్ గొట్టం మీద ఏముందో కూతురి చేత చదివించుకుని, ఫ్లోరైడ్ అన్న మాట వినగానే దాన్ని చెత్తబుట్టలో పడేసింది. “మా ఊర్ల దీంతోనే గదనే నడుములు వంగిపోయినయి, గిది పైసలిచ్చి కొంటుండ్రా?” అంది. ఆమెకు ఏమని జవాబు చెబుతాం? నీళ్ళలో ఫ్లోరైడ్ మితిమీరి పళ్ళను, ఎముకలను పాడుచేసే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించిన తొలి వైద్య నివేదిక 1937లో వెలువడింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఎన్నో రెట్లు దాటిన బోరునీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన ఊళ్ళవి. ఇక్కడ ఫ్లోరైడ్ కలిపే ఊళ్ళ కుళాయి నీళ్ళలో ఉండవలసింది లీటరుకు 0.7 మిల్లీగ్రాములు, మూడేళ్ళలోపు పిల్లల బ్రష్ మీద పెట్టమనే పేస్ట్ బియ్యపుగింజంత. ఇంత తేడాను గొట్టం మీద అచ్చువేసిన ఇంగ్లీషు ఆమెకు చెప్పలేదు. తెలుగులో చెప్పవలసినవాళ్ళం మనమే, మనమూ చెప్పలేదు.

తప్పొప్పులు తూచినప్పుడు పంచదార చెంచా తప్పు లేదనను. కానీ ఊళ్ళలో కంటి శిబిరాలు, క్యాన్సర్ శిబిరాలు పెట్టించడానికి ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) వేదికల మీద చందాలు ప్రకటించే మనకు, మన హాలు వరండాలో ఒక కుర్చీ పెద్ద భారం కాదు. మన సభ్యులలో దంతవైద్యులు కొందరున్నారు. పిల్లలను చూసే బల్ల పక్కనే గర్భిణులకు, బాలింతలకు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకు, నాయనమ్మలకు మరో బల్ల వేయించండి. సందర్శకుల బీమాలో మామూలు పంటి వైద్యం దాదాపుగా ఉండదు కనుక, తక్కువ రుసుముకు చూసే డెంటల్ కాలేజీల, ఆదాయాన్ని బట్టి తీసుకునే సామాజిక ఆరోగ్య కేంద్రాల వివరాలు తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి పంచండి. మొదటి పుట్టినరోజుకు హాలు బుక్ చేసే తల్లిదండ్రులకు, ఆ పుట్టినరోజు లోపలే మొదటి దంత పరీక్ష కూడా జరగాలని పిల్లల దంతవైద్యుల అకాడమీ చెబుతోందన్న సంగతి ఆ కాగితంలోనే ఉండాలి. భోగిపళ్ళ తరువాత పిల్లల చేతుల్లో పెట్టే చాక్లెట్ల సంచిని మాత్రం దయచేసి మానేద్దాం. రేగుపళ్ళూ చెరకు ముక్కలూ ఉండగా అది వేడుకలోకి ఎప్పుడు దూరిందో కూడా నాకు గుర్తులేదు.

ఉగాది ఏర్పాట్ల కోసం కార్యవర్గం త్వరలో సమావేశమవుతుంది. శిబిరం నమోదు పత్రంలో బిడ్డ వివరాల కింద రెండు గడులు చేర్చమని కోరుతున్నాను: తల్లికి చివరిసారి పంటి పరీక్ష ఎప్పుడు జరిగిందో రాయడానికి ఒకటి, రాత్రి బిడ్డకు పళ్ళు తోమించే పని తాను చేస్తున్నాడో లేదో తండ్రి స్వయంగా నింపడానికి మరొకటి.