వెయ్యి పేజీల పెద్దరికం

తోటి పాఠకులకు ఉత్తర అమెరికా నవలలు సిఫారసు చేసే విద్య మన దగ్గర బాగా పెరిగింది గానీ, దానికో శాస్త్రమంటూ ఇంకా ఏర్పడలేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు చేసేస్తున్నారు. కొందరైతే చదివి మరీ చేస్తున్నారు.

ఈ చివరి ధోరణి ప్రమాదకరమైంది. ఎమ్మెల్యేగారి లేఖ పట్టుకుని తిరుమల వెళ్లినవాళ్లెవరైనా, ‘ఇంతకీ ఎమ్మెల్యేగారికి దర్శనం అయిందా?’ అని అడిగారా? లేఖ విలువ లెటర్‌హెడ్డులో ఉంటుంది. పుస్తకం సంగతీ అంతే. చెప్పేవాడి హోదా చూసి తలూపాలి తప్ప, వాడు ఏ పేజీలో ఉన్నాడని ఆరా తీయడం మర్యాదస్తుల లక్షణం కాదు. చదివినవాడితో ఇంకో తంటా ఏమిటంటే, వాడికి అభిప్రాయాలుంటాయి. ‘మధ్యలో వంద పేజీలు సాగదీశాడండీ’ అంటాడు. ‘ఆ పిల్లాడి దగ్గరికొచ్చేసరికి నా వల్ల కాలేదండీ’ అంటాడు. పదిమంది పెద్దలు కూర్చున్నచోట ఏమిటీ మాటలు? అందుకే ఈ రంగంలో కొన్ని కట్టుబాట్లు అవసరమని తలచి, పాఠకలోకం మేలు కోరి నాలుగు ముక్కలు మనవి చేసుకుంటున్నాను.

మొట్టమొదట చూడవలసింది బరువు. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 1996 నాటి ‘ఇన్ఫినిట్ జెస్ట్’ ఈ విషయంలో ఆదర్శం. 1079 పేజీలు. కథ అయ్యాక వెనకాల 388 నోట్సు. వాటిలో కొన్నింటికి మళ్లీ వాటి కింద నోట్సు. దీన్ని సిఫారసు చేసేటప్పుడు కథ జోలికి పోనక్కర్లేదు. కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించి, ‘వెనక నోట్సు మాత్రం వదలకండి, ప్రాణమంతా అక్కడే ఉంది’ అనాలి. ‘బుక్‌మార్కులు రెండు పెట్టుకోండి’ అని కలిపితే మరీ మంచిది. ఈ ఒక్క సలహాతో మీరు ఆ పుస్తకం మూడుసార్లు చదివారని ఎదుటివాడు తీర్మానించుకుంటాడు. అది వాడి పొరపాటు, మీది కాదు.

లోపల ఏముందో మాత్రం పొరపాటున కూడా చెప్పకండి. ఆ నవల్లో సంవత్సరాలకు అంకెలుండవు. ప్రభుత్వం ఒక్కో ఏడాదికి పేరు పెట్టే హక్కును ఒక్కో కంపెనీకి అమ్ముకుంటుంది. కథ ఎక్కువభాగం నడిచే ఏడాదికి పెద్దవాళ్లు కట్టుకునే డైపర్ల పేరుంటుంది. ఒకసారి చూడ్డం మొదలుపెడితే తిండీ నిద్రా మాని చచ్చేదాకా చూస్తూనే ఉండిపోయే సినిమా ఒకటి చేతులు మారుతూ తిరుగుతుంటుంది. ఇవన్నీ చెప్పారనుకోండి, వినేవాడికి నవ్వొస్తుంది. ‘భలే ఉందే, చదవాలి’ అనుకుంటాడు. సిఫారసు ఉద్దేశం అది కాదు. వినేవాడు లోలోపల కాస్త కుంచించుకుపోవాలి. నవ్వొచ్చే పుస్తకం ముందు ఎవడూ కుంచించుకుపోడు.

చదవలేదని సిగ్గుపడేవాళ్లకు చరిత్రలో కావలసినంత ధైర్యం దొరుకుతుంది. 1974లో పులిట్జర్ బహుమతికి నవలను ఎంచిన ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఒక్క మాట మీద థామస్ పించన్ ‘గ్రావిటీస్ రెయిన్‌బో’ పేరు చెప్పారు. పైనున్న బోర్డు కుదరదంది. చదవడానికి వీల్లేకుండా ఉందని బోర్డులో కొందరన్నారు. ఎంత కష్టపడ్డా మూడోవంతు దాటలేకపోయానని ఒకాయన ఒప్పేసుకున్నాడు. ఆ ఏడు నవలకు బహుమతే లేదు. మూడోవంతు చదివినాయన పుస్తకాన్ని ఆపేయగలిగినప్పుడు, మూడు పేజీలు చదివిన మనం దాన్ని పైకెత్తలేమా? అదే ఏడాది అదే పుస్తకానికి నేషనల్ బుక్ అవార్డులో వాటా వచ్చింది. జనంలోకి రావడం బొత్తిగా గిట్టని పించన్ రాలేదు. బదులుగా ఇర్విన్ కోరీ అనే హాస్యనటుడు వేదికెక్కి తలాతోకా లేని ఉపన్యాసం దంచాడు. సభలో కొందరు ఆయనే పించన్ అనుకున్నారట. రచయిత లేకుండా సన్మానం సాగిపోయినప్పుడు, పాఠకుడు లేకుండా ప్రశంస సాగిపోతే వచ్చిన నష్టమేమిటి?

బహుమతుల గురించి ఇంకొక్క మాట. పులిట్జర్ వాళ్లు 2012లో మూడు నవలలు తుదిజాబితాలో ఉండగా ఏ ఒక్కదానికీ ఇవ్వలేదు, 2023లో రెండింటికి ఇచ్చారు. కాబట్టి మీరు చెప్పే పుస్తకానికి బహుమతి వచ్చి ఉంటే ‘అందుకే వచ్చింది’ అనండి. రాకపోతే ‘అందుకే రాలేదు’ అనండి. రెండూ సరిపోతాయి.

జనమంతా చదువుతున్న పుస్తకాన్ని మాత్రం దరిదాపులకు రానివ్వకూడదు. ఈ సూత్రం కోసం పరువు పణంగా పెట్టినవాడు జోనథన్ ఫ్రాంజెన్. 2001లో ఓప్రా విన్‌ఫ్రీ తన టీవీ బుక్ క్లబ్బుకి ఆయన ‘ది కరెక్షన్స్’ని ఎంచుకుంది. ఓప్రా ముద్ర పడిందంటే లక్షల కాపీలు. ఇంకో రచయితయితే గుమ్మానికి తోరణం కట్టుకునేవాడు. ఈయన అట్ట మీద ఆ ముద్ర చూసి ఇబ్బందిపడ్డాడు. అది చూసి మగవాళ్లు పుస్తకం ముట్టుకోరేమోనని పైకే అన్నాడు. ఓప్రా పిలిచిన పిలుపు వెనక్కి తీసుకుంది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ నవంబరులోనే పుస్తకానికి నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. ఇంతవరకూ మన సాహితీవేత్తలు ఎంతో గర్వంగా చెప్పుకుంటారు. 2010లో ఓప్రా మళ్లీ ఆయన ‘ఫ్రీడమ్’ని ఎంచుకుంటే, ఈసారి బుద్ధిగా వెళ్లి ఆ కార్యక్రమంలో కూర్చున్నాడన్న రెండో అంకం మాత్రం మన సభల్లో వినిపించదు.

మన దగ్గర ఈ సూత్రం ఎంత పకడ్బందీగా అమలవుతోందంటే, తెలుగువాళ్లు నిజంగా ఆఖరి పేజీ దాకా చదివిన ఉత్తర అమెరికా నవలల జాబితా ఎవరూ తయారుచేయరు. ఆదివారంపూట ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద కుప్పపోసి అమ్మిన సిడ్నీ షెల్డన్లు, హెరాల్డ్ రాబిన్స్‌లు, ఇర్వింగ్ వాలెస్‌లు ఏమైపోయినట్టు? ఎంతమంది ఇంగ్లీషు కూడబలుక్కున్నదే వాటితో. హాస్టల్ గదుల్లో వంతులవారీగా తిరిగి అట్టలూడి, ఫలానా పేజీల దగ్గర వాటంతటవే తెరుచుకునేవి. ఆర్థర్ హేలీ ‘ఎయిర్‌పోర్ట్’ చదివి, విమానం ముఖం చూడకుండానే రన్‌వే మీద మంచు ఎలా తీస్తారో విడమరచి చెప్పగల గుమస్తాలు మనూళ్లలో ఉండేవారు. ఆ హేలీ ఇంగ్లండులో పుట్టి కెనడా పౌరుడైనవాడు. న్యాయానికి కెనడా కోటాలో మొదటి తాంబూలం ఆయనకే దక్కాలి. ఇచ్చినవాడు లేడు. ఆ చదువు లెక్కలోకి రాదు మరి, అందరూ ఇష్టపడి చదివారు.

కెనడా పేరెత్తాం కాబట్టి భూగోళం సంగతి కూడా తేల్చేద్దాం. బడి పుస్తకం ప్రకారం ఉత్తర అమెరికా అంటే కెనడా నుంచి పనామా దాకా, కరీబియన్ దీవులతో సహా. సిఫారసుదారుల పటంలో అది న్యూయార్కు, అందులోనూ బ్రూక్లిన్. మిగతా ఖండమంతా మంచు కురిసే ఒక యూనివర్సిటీ ఊరు, ఆ ఊళ్లో భార్య వదిలేసిన ఒక ఇంగ్లీషు ప్రొఫెసరు. పక్కనే న్యూజెర్సీలో మన బావలూ బావమరుదులూ వేలల్లో ఉన్నారు కదా, వాళ్లనడిగితే పోలేదా అనుకుంటారేమో. ఫిలిప్ రాత్ ‘అమెరికన్ పాస్టొరల్’లో తగలబడిపోయిన నూవర్క్ నగరం వాళ్లకు ఎయిర్‌పోర్టుగా మాత్రమే తెలుసు.

కెనడా అంటే మార్గరెట్ అట్‌వుడ్. అక్కడితో కెనడా సరి. ఆవిడ 1985 నవల ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ని, పుస్తకాల నిషేధాలకు నిరసనగా, నిప్పుకి కాలని ఒకే ఒక్క ప్రతిగా తయారుచేశారు. ఎనభై దాటిన ఆవిడ స్వయంగా మంటలు చిమ్మే గొట్టం పట్టుకుని కురిపించినా అది చెక్కుచెదరలేదు. 2022 వేలంలో 1,30,000 డాలర్లు పలికింది. మన ఇళ్లలో అంత ఖర్చు దండగ. షోకేసులో పెట్టి తాళం వేస్తే ఏ పుస్తకమైనా అంత పదిలంగానూ ఉంటుంది.

అదే కెనడా నుంచి రోహింటన్ మిస్త్రీ ‘ఎ ఫైన్ బ్యాలెన్స్’ 1995లో వచ్చింది. కెనడా నవలలకిచ్చే గిల్లర్ బహుమతి ఆ ఏడు దానికే. ఎమర్జెన్సీ రోజులు. చెప్పులు కుట్టే కులంలో పుట్టి దర్జీపని నేర్చుకున్న పాపానికి ఊళ్లో ఒక కుటుంబాన్ని ఏం చేశారో, మిగిలిన ఇద్దరినీ నగరం ఏం చేసిందో చదివితే నాలుగు రోజులు అన్నం సహించదు. దీన్ని అమెరికా ఖండపు నవలల్లో కలిపి చెప్పండి చూద్దాం. ‘అది మన కథే కదండీ, అందులో ఫారిన్ ఏముంది?’ అని మొహం చిట్లిస్తారు. యాన్ మార్టెల్ ‘లైఫ్ ఆఫ్ పై’ గతి కాస్త నయం. పుదుచ్చేరి జంతువుల పార్కులో మొదలైనా, కుర్రాడు తొందరగానే దేశం వదిలి సముద్రంలో పడతాడు.

మెక్సికో కూడా ఉత్తర అమెరికాలోనే ఉందన్న సంగతి సిఫారసుదారులకు ఇంకా చేరలేదు. హువాన్ రుల్ఫో 1955లో రాసిన ‘పెద్రో పారమో’లో, చనిపోతున్న తల్లికిచ్చిన మాట కోసం తండ్రిని వెతుక్కుంటూ కొమాలా అనే ఊరికి ఒక కొడుకు వెళతాడు. ఊరంతా చచ్చినవాళ్ల గొంతులే. కొలంబియా మహారచయిత గార్సియా మార్కెజ్‌కి ఆ పుస్తకం కంఠోపాఠం. అయినా మనకు పనికిరాదు, నూటయాభై పేజీలు కూడా లేదు. వినేవాడు ఆ రాత్రికే చదివేసి తెల్లారగానే ఫోన్ చేస్తే మీ గతేమిటి?

చదివినవాళ్ల వల్ల సభకు జరిగే హాని ఎలాంటిదో చూడండి. కార్మాక్ మెకార్తీ 2006 నవల ‘ది రోడ్’ గురించి అనవలసిన మాట అందరికీ తెలిసిందే: ‘కొటేషన్ మార్కుల్లేకుండా రాశాడండీ, గొప్ప పోస్ట్ అపోకలిప్టిక్ టెక్స్ట్.’ అని, మైకు పక్కకు జరిపి మంచినీళ్లు తాగాలి. ఒక సభలో వక్తగారు ఇలాగే నీళ్లు తాగుతుండగా వెనక వరసలోంచి ఒకావిడ లేచారు. ‘అందులో కోకాకోలా డబ్బా ఉంటుంది చూడండి, లోకమంతా బూడిదయ్యాక పాడుబడ్డ దుకాణంలో, పడిపోయిన కూల్‌డ్రింకుల మెషీన్లో చెయ్యి పెట్టి తండ్రి తీస్తాడు. ఆ పిల్లాడు పుట్టాక అదేమిటో చూడనే లేదు. తాగరా అంటే, నువ్వూ కొంచెం తాగు నాన్నా అంటాడు. ఇది మళ్లీ ఎప్పుడూ దొరకదు కాబట్టే నాకిస్తున్నావు కదా అని అడుగుతాడు…’ అంటూ ఆవిడ ఆగిపోయి కూర్చున్నారు. సభ చెడింది. లేట్ క్యాపిటలిజం మీద వక్తగారు తెచ్చుకున్న ఆరు కాగితాలు అలాగే మిగిలిపోయాయి. బయటికెళుతూ ఇద్దరు ముగ్గురు ఆవిడ దగ్గరికి వెళ్లి, ‘అక్కా, ఆ పుస్తకం మీ దగ్గరుందా?’ అన్నారు. వక్తగారిని ఎవరూ ఏమీ అడగలేదు.

టోనీ మారిసన్ ‘బిలవ్డ్’ మరీ గడ్డు వ్యవహారం. 1856లో కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది మీదుగా పారిపోయిన మార్గరెట్ గార్నర్, పట్టుకుపోయేవాళ్లు ఇల్లు చుట్టుముట్టగానే, మళ్లీ బానిసగా బతకనివ్వకూడదని కన్నకూతుర్ని తన చేతులతోనే చంపేసింది. ఆ ఉదంతంలోంచి 1987లో లేచిన నవల ఇది. దీన్ని ‘మ్యాజిక్ రియలిజం’ అన్న ఒక్క ముక్కతో పక్కనపెట్టడానికి ఎంత సాధన కావాలి! అమెరికాలో కొన్ని స్కూళ్లు దీన్ని లైబ్రరీల్లోంచి తీసేశాయి. అందులో ఏదో ఉందని వాళ్లు భయపడ్డారు. మనం అందరికీ సిఫారసు చేసి, భయం లేకుండా అదే ఫలితం సాధిస్తున్నాం.

అపచారాల్లోకెల్లా పెద్దది మన ఇంట్లోనే జరిగింది. అలెక్స్ హేలీ 1976 నాటి ‘రూట్స్’ని సహవాసి కుదించి ‘ఏడు తరాలు’ అని తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. కట్టుబాట్లన్నీ ఒక్కసారే తెగాయి. పుస్తకం లావు కాదు. భాష తెలుగు. చదివినవాడు ‘చదవండి’ అని ఊరుకోకుండా సొంత కాపీ తెచ్చి చేతిలో పెట్టేవాడు. అది తిరిగి రాకపోతే తిట్టుకుంటూ ఇంకోటి కొనేవాడు. ఇంగ్లీషు ముక్క రానివాళ్లు, ఆ కథలో ఆఫ్రికా నుంచి బానిసగా పట్టుకొచ్చిన కుంటా కింటే గురించి చుట్టమన్నట్టు మాట్లాడారు. అందులో కొన్ని భాగాలు మరొకరి నవల్లోంచి వచ్చాయన్న దావాను 1978లో హేలీ డబ్బు కట్టి రాజీ చేసుకున్నాడు. ఇంత చక్కటి సమాచారం ఉండగా దాంతో మొదలుపెట్టి దాంతోనే ముగించాలి గదా? ఆ పాఠకులకు అంత సంస్కారం లేకపోయింది. కథలో పడిపోయారు.

ఇక ఆపద్ధర్మం. మీరు చెప్పిన పుస్తకాన్ని ఎవడైనా నిజంగానే చదివి, మాట్లాడదామని మీ ఇంటికొస్తే కంగారుపడకండి. జాలిగా నవ్వి, ‘ది రోడ్ బాగానే ఉంటుందిలే బాబూ, అసలు మెకార్తీ కావాలంటే బ్లడ్ మెరిడియన్ చదవాలి’ అనండి. అదీ అయిందంటే డాన్ డెలిల్లో ‘అండర్‌వరల్డ్’ చెప్పండి. 827 పేజీలు, మొదలే దాదాపు యాభై పేజీల బేస్‌బాల్ మ్యాచ్. ఆ ఆట నియమాలు అర్థమయ్యేసరికే సంక్రాంతి వెళ్లిపోతుంది. అది కూడా ముగించుకుని వచ్చాడంటే మనిషి మామూలువాడు కాడు. గుమ్మంలోనే నిలబెట్టి పంపించేయండి. కుర్చీ వేశారంటే కూర్చుని కథ చెబుతాడు.