ఉరి వేయాలా అని అడిగితే

దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చేసిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ వార్త వచ్చేసరికి హైదరాబాద్‌లో 2019 డిసెంబర్ 6 తెల్లవారింది. ఇక్కడ పెన్సిల్వేనియాలో మాకింకా 5 రాత్రే. మా వాట్సాప్ గ్రూప్ నిండా పోలీసులకు దండాలే. వంతెన మీద నుంచి జనం పూలు చల్లుతున్న వీడియో ఎంతమంది పంపారో లెక్కలేదు. నేనూ ఒక దండం పెట్టాను, దాచడం ఎందుకు!

2022 మేలో, ఆ ఎన్‌కౌంటర్‌పై సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. పోలీసులు చంపాలనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. ఆ రోజు అదే గ్రూప్‌లో ఊరి నుంచి రావాల్సిన ఆవకాయ పార్సిళ్ళ గోల తప్ప ఇంకో మాట లేదు.

ఎన్‌కౌంటర్ ఉరిశిక్ష కాదు కదా, కోర్టే లేదు అంటారా? నిజమే. కానీ మనం మెచ్చుకున్నది కోర్టు దాకా పోనందుకే. ఎన్‌కౌంటర్ జరిగిన సరిగ్గా వారానికి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ అత్యాచార కేసుల్లో 21 రోజుల్లో తీర్పు, మరణశిక్ష అంటూ దిశ బిల్లు పాస్ చేసింది. అది అమల్లోకి రానేలేదు. కోపం చల్లారాక దాని సంగతి అడిగినవాళ్ళూ తక్కువే.

అదే 2019లో అమెరికాలో గ్యాలప్ అనే సంస్థ సర్వే చేసింది. హంతకుడికి మరణశిక్ష వేయవచ్చా అంటే 56 శాతం మంది సరే అన్నారు. మరణశిక్షా, పెరోల్ లేని యావజ్జీవమా, రెండిట్లో ఏది మేలని అడిగితే మాత్రం 60 శాతం యావజ్జీవం వైపు మొగ్గారు. రెండో దారి చూపించగానే లెక్క తిరగబడింది. మన టీవీ చర్చల్లో ఆ రెండో ప్రశ్న ఎవరూ వేయరు.

ఇక మన ఇంటి సంగతి. 2012లో ఫిలడెల్ఫియా శివార్లలో ఒక తెలుగు కుటుంబంలో నాయనమ్మను, పది నెలల పాపను చంపేశారు. చంపినవాడూ తెలుగువాడే. 2014లో మరణశిక్ష పడింది. 2018 ఫిబ్రవరికి తేదీ ఖరారై ఆగిపోయింది. ఈ రాష్ట్రంలో 1999 తర్వాత ఎవరికీ మరణశిక్ష అమలు కాలేదు. తీర్పు వచ్చినప్పుడు "ఆ పాపిష్టివాడికి విషపు ఇంజెక్షన్ కూడా దండగే" అన్న ఒక అక్కయ్య, తేదీ పడ్డాక "వాడికీ ఒక తల్లి ఉంటుంది కదండీ" అంది. ఆవిడ మాట మార్చిందని నేననుకోను. మొదటిసారి పాప కళ్ళముందు ఉంది, రెండోసారి ఉరికంబం ఉంది.

నా ఓటు యావజ్జీవానికే. ఆ పాప అమ్మానాన్నల ఎదుట నిలబడి ఈ మాట అనగలనా అంటే, అనలేను.

సంక్రాంతి డిబేట్‌కి "ఉరిశిక్ష ఉండాలా, వద్దా" అని టాపిక్ పెడదామన్నారు ఇక్కడి మా తెలుగు సంఘం కమిటీవాళ్ళు. పెట్టండి, కానీ యావజ్జీవాన్ని కూడా ప్రశ్నలో చేర్చండి అన్నాను. ఇంకా జవాబు రాలేదు.