మూడున్నర కిలోల సుందరమ్మ

నిన్న పొద్దున జరిగిందిది. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

మా ఆవిడకి ఇప్పుడు మూడో నెల. ఇంట్లో రెండేళ్లుగా ఒక పిల్లి ఉంది, పేరు సుందరమ్మ. శుభవార్త వినగానే చీపురుపల్లి నుంచి దిగిన మా అత్తగారు ముందు కూతుర్ని చూశారు, తర్వాత పిల్లిని చూశారు. "దాన్ని చంపావతి ఏరు దాటించేసి రండి బాబూ" అన్నారు. కూతురు ససేమిరా అంది. సరే, డాక్టరమ్మ ఏమంటే అది అనుకున్నాం.

రెండు గంటలు కూర్చోబెట్టి రెండు నిమిషాలు చూసే ఆసుపత్రి అది. మా ఆవిడ పక్కగదిలో బరువు చూపించుకుంటుండగా డాక్టరమ్మ తలెత్తకుండానే "ఇంట్లో పిల్లి ఉందా? అయితే టాక్సో టెస్ట్ చేయించండి" అని గంట కొట్టేశారు. ఎవరికి చేయించాలో చెప్పలేదు. తెలుగులో ఆ సౌకర్యం ఉంది కదా, కర్త లేకపోయినా వాక్యం హాయిగా నడిచిపోతుంది. పోనీ చీటీ చూద్దామంటే అది ఈసీజీ తీసిన కాగితంలా ఉంది.

పిల్లి ఉందా అన్నారు కాబట్టి పిల్లికే అని నేను తేల్చాను. అత్తగారు బలపరిచారు. మా ఆవిడ నిద్ర లేవకముందే బయల్దేరాను.

పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు అంటారు. నేను కూరగాయల బుట్టలో పెట్టి, పైన అత్తగారి పాత చీర ముక్క బిగించి, ఆటోలో గంటస్తంభం మీదుగా ల్యాబ్‌కి వెళ్లాను. లైన్లో నా వెనక ఏడెనిమిది మంది. కౌంటర్‌లో అమ్మాయి కళ్లు కంప్యూటర్ మీదే ఉన్నాయి.

"పేషెంటు పేరు?"

"సుందరమ్మ."

"వయసు?"

"రెండేళ్లు."

"పాపకి పాతకాలం పేరు పెట్టారే" అంది టైపు చేస్తూనే. అక్కడ చెప్పేయాల్సింది, పాప కాదు తల్లీ, పిల్లి అని. కానీ అంతమంది ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు. లోపలికి వెళ్లాక రక్తం తీసేవాళ్లకి మెల్లగా చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

"తండ్రి పేరు?"

"అది... అవసరమాండీ?"

"స్టార్ గుర్తుంది సార్. నింపకపోతే ముందుకెళ్లదు."

ఈ స్టార్ గుర్తు కనిపెట్టినవాడు ఎవడో గానీ వాడికి తండ్రి లేని జీవుల సంగతి తెలియదు. సుందరమ్మ తండ్రి ఏ గోడ మీద వాడో నాకేం తెలుసు? నా పేరే చెప్పాను. ఆవిధంగా, అసలు బిడ్డ భూమ్మీద పడకముందే, కంప్యూటర్ సాక్షిగా నేను తండ్రినయ్యాను.

"పరగడుపునే ఉందా?"

"లేదండీ, పొద్దున్నే ఎండు నెత్తళ్లు తింది."

టైపు చేసే వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

"బరువు?"

పోయిన నెల పశువుల ఆసుపత్రిలో నులిపురుగుల మందు వేయించినప్పుడు తూచారు. గుర్తుంది కాబట్టి గర్వంగా చెప్పాను. "మూడున్నర కిలోలు."

అప్పుడు తలెత్తింది. అప్పటిదాకా దేనికీ ఎత్తని తల!

"రెండేళ్ల పాప మూడున్నర కిలోలా? పది, పదకొండైనా ఉండాలి సార్! అంగన్‌వాడీలో చూపించారా?"

అంతే, నా వెనక లైనంతా కదిలింది. "ఏటి బావూ, గుంటకి కూడెడతన్నారా నేదా?" అంది ఒకావిడ. "బాలామృతం ఇస్తారు కదా, ఇంట్లో పెద్దోళ్లే తినేత్తన్నారేటి?" అని ఇంకొకావిడ నా పొట్ట వైపు చూసింది. "పాలు తాగుతాదా?" అని మూడో ఆవిడ జాలిగా అడిగితే "తాగుతుందండీ, గిన్నెలో పోస్తే" అన్నాను. అది ఇంకా తప్పయింది. షుగర్ పరీక్షకి వచ్చిన ఒక పెద్దాయన మూల కుర్చీలోంచి లేచి, "తల్లి ఏదయ్యా?" అన్నాడు. ఎవరి తల్లి అని అడగబోయి ఆగాను. ఆయన మా ఆవిడకి వరసకి మావయ్య అవుతాడని అప్పుడే గుర్తుపట్టాను. ఆయనా నన్ను గుర్తుపట్టాడు. పెళ్లయి ఏడాదిన్నర కాలేదు, రెండేళ్ల పాపేమిటన్న లెక్క ఆయన మొహంలో నడుస్తుండగా, చీర ముక్క పక్కనించి ఒక తెల్లటి పంజా బయటికొచ్చి కౌంటర్ మీద పెన్నుని కింద పడేసింది.

"ఓలమ్మా, పిల్లి!"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ మొదటి ఆవిడే బుట్టలోకి తొంగి చూసి, "పిల్లికైతే మూడున్నర కిలోలు మంచి బలమే" అని సర్టిఫికెట్ ఇచ్చేసింది.

గోలకి లోపల్నించి ల్యాబ్ డాక్టరు గారు వచ్చారు. నవ్వు ఆపుకుని, డబ్బు తీసుకోకుండా, నిలబడే మూడు నిమిషాల్లో మొత్తం చెప్పారు. టాక్సో అంటే టాక్సోప్లాస్మా అనే క్రిమి, కడుపుతో ఉన్నప్పుడు సోకితే లోపలి బిడ్డకి ప్రమాదమట. అందుకే పరీక్ష తల్లి రక్తానికట. అందులో ఐజీజీ, ఐజీఎం అనే రెండు రకాల యాంటీబాడీలు చూస్తే ఆ టాక్సో ఎప్పుడో సోకి తగ్గిందా, ఈమధ్యే సోకిందా అన్నది అంచనా దొరుకుతుందట. పిల్లిని నిమిరితే వచ్చే జబ్బు కాదు, దాని మలంతో వచ్చే చిక్కు. అదీ మలం పడిన వెంటనే అంటుకోదు, క్రిమి తయారవడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకని ఇసక తొట్టి రోజూ ఎత్తిపోయాలి.

"ఆవిడ కాదు, మీరు" అన్నారు వేలు చూపించి. పిల్లికి పచ్చి మాంసం పెట్టొద్దు, ఎలకల వేటకి వదలొద్దు. ఆవిడ మాంసం బాగా ఉడికాకే తినాలి, ఆకుకూరలు బాగా కడగాలి, పెరట్లో మట్టి పనికి గ్లౌజులు వేసుకోవాలి. బిడ్డ పుట్టాక ఉయ్యాల్లోకి పిల్లి ఎక్కకుండా చూసుకుంటే చాలు, చంపావతి దాకా అక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలు ఆ డాక్టరమ్మ చెబితే ఏం పోయింది? ఫీజు ఆవిడకి కట్టాను, చదువు ఇక్కడ దొరికింది.

రిజిస్ట్రేషన్ డబ్బులు వెనక్కివ్వరట. కంప్యూటర్ ఒప్పుకోదట.

ఇంటికొచ్చేసరికి మావయ్య ఫోన్ నాకన్నా ముందొచ్చింది. అత్తగారు విన్నదంతా విని, "ఎలకల్ని పట్టకపోతే మరి పిల్లెందుకు బాబూ?" అన్నారు.

రేపు మా ఆవిడని తీసుకుని అదే కౌంటర్‌కి వెళ్లాలి. ఈసారి నన్ను నోరెత్తొద్దంది. ముఖ్యంగా బరువు దగ్గర. ఇది రాస్తుండగానే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "సుందరమ్మ గారూ, మీ శాంపిల్ ఇంకా అందలేదు. దయచేసి పరగడుపున రాగలరు."