80 శాతం దగ్గర ఆపితే చాలు
ల్యాప్‌టాప్‌ల గురించి వచ్చిన వ్యాసంలో ఇచ్చిన, బ్యాటరీ వంద శాతం నిండగానే చార్జర్ పీకేయాలన్న సలహాతో నేను ఏకీభవించను. మీటింగ్ మధ్యలో అది ఎవరు కనిపెట్టుకుని కూర్చుంటారు? ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో దీనికి సెట్టింగే ఉంది. లెనోవో థింక్‌ప్యాడ్ అయితే లెనోవో వాంటేజ్ అనే యాప్‌లో, హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపేయొచ్చు. ఆ తర్వాత రోజంతా ప్లగ్‌లో ఉన్నా ఫర్వాలేదు. నిండు చార్జింగ్‌కి వేడి తోడైతే లిథియం బ్యాటరీ మరింత త్వరగా దెబ్బతింటుంది. ఆ వేడి ల్యాప్‌టాప్ వేగాన్నీ తగ్గిస్తుంది. మా ఆఫీసులో సిస్టమ్స్ చూసేది నేనే. వేసవి వచ్చిందంటే ‘స్లో అయిపోయింది, కొత్తది ఇప్పించండి’ అని వరసపెట్టి వస్తారు. వెనక మూత విప్పి చూస్తే, ఫ్యాన్‌కీ, ప్రాసెసర్ వేడిని మోసుకొచ్చే రాగి గొట్టం చివర ఉండే సన్నటి రేకులకీ మధ్య దుమ్ము దూదిలా అట్టకట్టి ఉంటుంది. వేడిగాలి బయటికి పోయే దారే ఉండదు. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకు వెళ్లిందంటే కాలిపోకుండా తనే వేగం తగ్గించేసుకుంటుంది. ఆ పొర మెత్తటి బ్రష్‌తో తీసేసి, ప్రాసెసర్ వేడిని రాగి గొట్టం వైపు అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్చి ఇస్తే చాలావరకు మళ్లీ మామూలుగా పనిచేస్తాయి. వ్యాసంలో రాని విషయం ఇంకోటుంది: 65 వాట్ల చార్జర్ కావలసినచోట 45 వాట్లది పెట్టినా కొన్ని మోడళ్లు నెమ్మదిస్తాయి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే మాత్రం దయచేసి వెంటనే వాడకం ఆపేయండి.