దిగని షుగర్: ముందు సూదిని అడగాలి, తర్వాతే పిల్లను

గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా, షుగర్ డాక్టరు గది ముందు పది నిమిషాలు కూర్చుంటే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. మీటరులో 280 కనిపించగానే తల్లి అంటుంది, పక్కన కూర్చున్న బంధువు అంటాడు: "ఏం తిన్నావు?" టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు రోజుకు నాలుగైదు సార్లు ఈ ప్రశ్న వింటూ పెరుగుతారు. కొన్నాళ్లకు జవాబు చెప్పడం మానేస్తారు. ఇంకొన్నాళ్లకు అంకె చెప్పడమే మానేస్తారు. మా ఇంట్లో ఈ రెండూ జరిగాయి.

టైప్ 1లో శరీర రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. మిఠాయిలు తిన్నందుకు వచ్చే జబ్బు కాదిది. వచ్చాక కూడా షుగర్ పెరగడానికి తిండే అక్కర్లేదు. మనం నిద్రపోతున్నా, ఉపవాసం ఉన్నా, కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దాన్ని అదుపు చేసేది ఇన్సులిన్. అంటే రోజుల తరబడి షుగర్ దిగలేదంటే, కావలసిన చోటికి, కావలసిన వేళకు, కావలసినంత ఇన్సులిన్ చేరడం లేదన్నమాట. ఇందులో "కావలసినంత" అనే మాటనే మనం పట్టుకుంటాం, యూనిట్లు పెంచుతాం. ఇప్పటికే ఇస్తున్న యూనిట్లు నిజంగా రక్తంలోకి చేరుతున్నాయా అన్నది మాత్రం అడగం.

చరిత్రలో మనిషికి ఇన్సులిన్‌తో జరిగిన మొదటి చికిత్సలోనే ఈ సమస్య ఎదురైంది. 1922 జనవరి 11న టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఇన్సులిన్‌ను కనుగొన్న బాంటింగ్ బృందం తయారుచేసిన మందు ఎక్కించారు. షుగర్ కొద్దిగా మాత్రమే తగ్గింది, సూది వేసిన చోట గడ్డ లేచింది. కొలిప్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ మందును మరింత శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ మొదలుపెట్టాక షుగర్ దిగింది, కుర్రాడు తేరుకున్నాడు. దిగనప్పుడు వాళ్లు మందును అనుమానించారు. వందేళ్ల తర్వాత మనం పిల్లల్ని అనుమానిస్తున్నాం.

గత వేసవి సంగతి చెబుతాను. మా అమ్మాయికి పదహారేళ్లు. టైప్ 1 బయటపడి ఆరేళ్లయింది. ఉన్నట్టుండి మూడు వారాల పాటు పొద్దుటి షుగర్ 250కి తగ్గలేదు, మధ్యాహ్నం 300 దాటేది. రెండేసి యూనిట్లు పెంచుకుంటూ పోయాం. బిస్కెట్ డబ్బాలు అల్మరా పైఅరకు ఎక్కాయి. వాళ్ల అమ్మమ్మ కాకరకాయ రసం మొదలుపెట్టారు. నేను పిల్ల లేనప్పుడు ఆమె పుస్తకాల సంచీ వెతికాను. అందులో ఏమీ దొరకలేదు. వెతికినందుకు ఈ రోజుకూ నాకు బాధగానే ఉంది.

విజయవాడలో మేము చూపించుకునే డాక్టరుగారు అంకెల పుస్తకం పక్కన పెట్టి, అమ్మాయిని బల్ల మీద పడుకోమని, బొడ్డుకు కుడివైపు వేళ్లతో నెమ్మదిగా ఒత్తి చూశారు. చర్మం కింద రూపాయి బిళ్లంత మేర మెత్తటి ముద్ద. కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. "అక్కడైతే నొప్పి ఉండదు నాన్నా" అంది అమ్మాయి. నొప్పి లేదని నెలల తరబడి ఆ చోటే పొడుచుకుంది. ఒకే చోట పదే పదే పడే ఇన్సులిన్ అక్కడి కొవ్వును పెంచుతుంది. ఆ ముద్దలో పడిన మందు ఒక రోజు సగమే రక్తంలోకి చేరుతుంది, ఇంకో రోజు ఆలస్యంగా ఒక్కసారిగా వస్తుంది. మేము పెంచుకుంటూ పోయిన యూనిట్లన్నీ ఆ ముద్దలోకే వెళ్లాయి. చోటు మార్చమన్న రోజే డాక్టరుగారు డోసును బాగా తగ్గించారు. అయినా మూడో రాత్రి షుగర్ 54కు పడిపోయింది. మంచి చర్మంలోకి వెళ్లిన మందు ఎంత బలంగా పని చేస్తుందో ఆ రాత్రి మాకు తెలిసింది. ముద్దలున్న పిల్లలకు చోటు మార్చేటప్పుడు డాక్టరును అడిగి డోసు తగ్గించుకోవడం అందుకే తప్పనిసరి.

పొట్ట, తొడలు, పిరుదులు, భుజాల వెనుక భాగం: ఈ చోట్లను వంతులవారీగా మార్చుకుంటూ, ఒకే చోటులో కూడా కిందటి సూదికి ఒక వేలు ఎడంగా పొడవాలి. నెలకొకసారి సబ్బు నీళ్ల చేతితో తడిమి చూస్తే ముద్దలు తెలిసిపోతాయి. ఒకే సూదిని వారం పాటు వాడటం కూడా ముద్దలకు దారితీస్తుంది. పొదుపు కోసమే చాలా ఇళ్లలో అలా వాడతారని నాకు తెలుసు.

ఇక మన ఎండ. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసాను బయట ఉంచవచ్చు, సాధారణంగా 30 డిగ్రీల లోపు, నాలుగు వారాల పాటు. మే నెలలో కృష్ణా తీరాన పగలు 30 డిగ్రీల లోపు ఉండటం గగనమే. 2021లో సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి వెలువరించిన పరిశోధనలో, 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో నాలుగు వారాలు ఉన్నా ఇన్సులిన్ బలం పెద్దగా తగ్గదని తేలింది. ఫ్రిజ్ లేని ఇళ్లకు ఇది నిజంగా ఊరట. మూత బిగించిన డబ్బాలో సీసా పెట్టి, నీళ్లు చెమర్చే మట్టి కుండలో ఆ డబ్బాను ఉంచితే చాలావరకు గట్టెక్కవచ్చు. అయితే బెంజి సర్కిల్ దగ్గర మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన స్కూటరు డిక్కీ వేడి 37 డిగ్రీల దగ్గర ఆగదు. మందుల షాపు నుంచి తెచ్చి, దారిలో రెండు పనులు చూసుకుని ఇంటికి చేరేసరికి సీసా ఎంత ఉడికిందో చూపుకు తెలియదు, ఎందుకంటే వేడికి బలం పోయిన ఇన్సులిన్ చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. గడ్డకట్టినది కూడా పనికిరాదు. ఫ్రిజ్‌లో ఐసు గదికి ఆనించి పెట్టిన సీసాలు పాడైపోయేది ఇలాగే. కారణం తెలియకుండా షుగర్ దిగకపోతే, కొత్త సీసా తెరిచి చూడటం అన్నిటికన్నా సులువైన పరీక్ష.

సిరంజి గురించి కూడా చెప్పాలి. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, ఇన్సులిన్ పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జి 100 యూనిట్లది. 40 రకం సిరంజికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ రంగు మూత ఉంటాయి. 40 రకం మందును నారింజ మూత సిరంజితో పది గీత దాకా తీస్తే శరీరంలోకి వెళ్లేది నాలుగు యూనిట్లే. తిరగేసి, 100 రకం మందును ఎర్ర మూత సిరంజితో పది గీత దాకా తీస్తే ఇరవై అయిదు యూనిట్లు వెళ్తుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. మందుల షాపులో సిరంజి ఇచ్చేటప్పుడు "ఏ సీసాకు?" అని అడిగేవాళ్లు తక్కువ. మనమే చెప్పి తీసుకోవాలి.

భోజనానికి ముందు వేసుకునే రెగ్యులర్ ఇన్సులిన్ పని మొదలుపెట్టడానికి దాదాపు అరగంట పడుతుంది. లిస్ప్రో, ఆస్పార్ట్ లాంటి త్వరగా పనిచేసే రకాలకు పది పదిహేను నిమిషాలు. పొద్దున ఏడింటికి బస్సు వచ్చే ఇంట్లో ఏం జరుగుతుంది? ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో ఇడ్లీ. ఇడ్లీ అరగడం మొదలైన చాలాసేపటికి గాని మందు లేవదు. పదింటికి 320. డోసు సరైనదే, వేళ తప్పింది. తిండి లెక్క అక్కర్లేదని నేను అనడం లేదు. వండిన అన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. రెండు ఇడ్లీలకూ నాలుగు ఇడ్లీలకూ ఒకే డోసు వేస్తే రెండోసారి షుగర్ పెరిగి తీరుతుంది. అక్కడ కూడా ప్రశ్న "ఎందుకు తిన్నావు" అని ఉండకూడదు, "తిన్నదానికి సరిపడా వేశామా" అని ఉండాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా దిగకపోతే అప్పుడు డోసు. అందులో కూడా ఏ డోసన్నది తేల్చుకోవాలి. రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్ ఒకటి, భోజనాల ముందు వేసే ఇన్సులిన్ ఇంకొకటి. పొద్దుటి షుగర్ ఎక్కువగా ఉంటే రెండు మూడు రాత్రులు పడుకునే ముందు, మూడు గంటలకు, లేవగానే చూడాలి. మూడింటికి బాగానే ఉండి తెల్లవారేసరికి పెరిగితే, వేకువన శరీరం విడుదల చేసే హార్మోన్ల ప్రభావం. పడుకునేటప్పుడే ఎక్కువగా ఉండి రాత్రంతా అలాగే సాగితే రాత్రి భోజనపు డోసు చాలలేదు. మూడింటికి 70 కంటే తక్కువ ఉంటే డోసు పెంచడం చేతులారా ప్రమాదం తెచ్చుకోవడమే. యుక్తవయసులో ఇన్సులిన్ అవసరం బాగా పెరుగుతుంది, చాలామంది ఆడపిల్లలకు నెలసరికి ముందు రోజుల్లో షుగర్ పైకి పోతుంది. ఇవి పిల్లలు చేసే తప్పులు కావు.

ఎక్కువైన షుగర్‌ను దించే అదనపు డోసుకు ఒక లెక్క ఉంది. త్వరగా పనిచేసే ఇన్సులిన్ వాడేవారు 1800ను రోజు మొత్తం యూనిట్లతో భాగించాలి. రోజుకు 36 యూనిట్లు వేసుకునేవారికి ఒక యూనిట్ సుమారు 50 తగ్గిస్తుంది. అంటే 300ను 150కి దించడానికి మూడు యూనిట్లు. ఇది అంచనా మాత్రమే, డాక్టరుతో కూర్చుని సరిచూసుకోవలసినది. కష్టమంతా ఓపిక దగ్గర వస్తుంది. గంటన్నరకు 260 కనిపించగానే కంగారుపడి ఇంకో మూడు వేస్తే, మొదటి మూడు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. రెండూ కలిసి అర్ధరాత్రి షుగర్‌ను పాతాళానికి తోసేస్తాయి. మూడు నాలుగు గంటలు ఆగాలి.

ఆగకూడని వేళ ఒకటుంది. షుగర్ 250 దాటి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, నోటి నుంచి పండ్ల వాసన ఉంటే ఆ పూట కారణాలు వెతుకుతూ కూర్చోకూడదు. మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) చూడాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. జ్వరం వచ్చి అన్నం తినలేదని ఇన్సులిన్ మానేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. జ్వరంలో అవసరం తరచుగా పెరుగుతుంది. కాకరకాయ రసం ఇన్సులిన్‌కు బదులు కాదు, దాన్ని నమ్ముకుని సూది ఆపితే పిల్ల దక్కదు.

ఇంత తెలిసిన ఇళ్లలో కూడా షుగర్ 200కు పైనే ఉండిపోవడానికి నేను చూసిన అసలు కారణం భయం. ఒక్కసారి రాత్రి పూట పిల్ల చెమటలు పట్టి, వణికి, పిలిస్తే పలకకుండా పోవడం చూసిన తల్లి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మనసులో ఒక యూనిట్ తగ్గించుకునే వేస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టలేను. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా 1441 మందితో జరిగిన డీసీసీటీ పరిశోధన, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని 9 శాతం నుంచి 7 శాతం దగ్గరికి దించితే కొత్తగా వచ్చే కంటి జబ్బు 76 శాతం తగ్గుతుందని నిరూపించింది. అదే పరిశోధనలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం సుమారు మూడు రెట్లు పెరిగిందని కూడా తేలింది. అంటే ఆ భయానికి ఆధారం ఉంది. దాన్ని పోగొట్టేది ధైర్య వచనాలు కావు, రాత్రి మూడింటికి చూసుకోవడానికి చేతిలో మిగిలి ఉన్న షుగర్ పరీక్ష స్ట్రిప్పు.

స్ట్రిప్పుల దగ్గరే ప్రభుత్వాలతో నా పేచీ. ఇన్సులిన్ ఉచితంగా ఇచ్చి స్ట్రిప్పులు కొనుక్కోమంటే కళ్లకు గంతలు కట్టి బండి తోలమన్నట్టే. రోజుకు నాలుగు పరీక్షలంటే నెలకు 120 స్ట్రిప్పులు. కూలి పనికి వెళ్లే ఇంట్లో అవి వారానికి నాలుగుకు కుదించుకుపోతాయి. అంకెలు లేకుండా డోసు మార్చడం ఏ డాక్టరుకూ సాధ్యం కాదు. కేరళ ప్రభుత్వం టైప్ 1 పిల్లల కోసమే "మిట్టాయి" అనే పథకం నడుపుతోంది. అలాంటిది మన రాష్ట్రంలో రావాలి, అందులో స్ట్రిప్పులకు మొదటి చోటు ఉండాలి.

రెండో పేచీ విజయవాడ చుట్టూ ఉన్న ఇంటర్ హాస్టళ్లతో. టైప్ 1 పిల్లలు తరగతిలో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో ఏమైనా తినడానికి అనుమతించాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లోనే పాఠశాల విద్యా బోర్డులకు రాసింది. మా అమ్మాయి చేరిన కాలేజీలో మొదటి ఏడాది సూది మరుగుదొడ్డిలో వేసుకుంది, ఎందుకంటే నలుగురిలో వేసుకోవద్దని చెప్పారు. నిలబడి, చీకట్లో, తొందరగా పొడుచుకునే పిల్ల చేతికి అలవాటైన చోటే వెతుక్కుంటుంది. పొట్టమీది ఆ ముద్ద అక్కడే మొదలైందని నా నమ్మకం. పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందని చాలామంది తల్లిదండ్రులు కూడా "ఎవరికీ చెప్పకు" అనే పంపుతారు. దాచుకునే పిల్ల మధ్యాహ్నపు డోసు ఎగ్గొట్టడం ఎంతసేపు?

సెలవులయ్యాక అమ్మాయి మళ్లీ హాస్టల్‌కు వెళ్తుంది. ఈసారి వార్డెన్‌కు ఇవ్వడానికి తెలుగులో ఒక కాగితం రాశాం. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇవ్వాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి. 250 దాటి వాంతులైతే ఆసుపత్రికి తీసుకెళ్లి మాకు చెప్పాలి. కింద కొంచెం ఖాళీ మిగిలితే అమ్మాయి తన చేత్తో రెండు వాక్యాలు చేర్చింది: "సూది వేసుకోవడానికి లైటు ఉన్న గది కావాలి. ఫ్రిజ్‌లో నా డబ్బాను ఐసు గదికి ఆనించి పెట్టవద్దు."